జాడ చూపిన శాస్త్రవేత్త – జార్జ్ డి హెవెసీ

కనిగిరి జలాశయం నుండి బుచ్చిరెడ్డిపాలెం పొలాలకు పారే కాలువలో నీటి వేగం తెలియాలంటే ఒక ఆకును విడిచి చూస్తే చాలు. శరీరంలోని రక్తనాళాలు అలా కంటికి కనిపించవు. దాత నుండి తీసి, చల్లబరచి భద్రపరచిన మూత్రపిండంలో రక్తం అన్ని భాగాలకూ చేరగలదా అన్నది మరొకరి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. అక్కడ ఆకు వంటి సాధనాన్ని వైద్యులకు సమకూర్చిన పద్ధతికి ఆద్యుడు జార్జ్ డి హెవెసీ.

హెవెసీ 1885 ఆగస్టు 1న హంగరీలోని బుడాపెస్టులో, యూదు మూలాలుగల సంపన్న కుటుంబంలో జన్మించాడు. 1911లో మాంచెస్టర్ చేరి రూథర్‌ఫర్డ్ వద్ద పరిశోధనకు పూనుకొన్నాడు. సీసంలో కలిసి ఉన్న రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరుచేయవలసిందిగా గురువు ఆదేశించాడు. ఎంత శ్రమించినా అది సాధ్యపడలేదు. రసాయనికంగా అదీ సీసమే కనుక సాధ్యపడే పనే కాదని తరువాత తేలింది. మరొకరైతే నిరాశతో విరమించుకొనేవారు. విడిపోని ఆ తోడునే గూఢచారిగా వాడుకోవచ్చునని హెవెసీకి స్ఫురించింది. సీసం ఎక్కడికి పోయినా రేడియం-డి వెంట పోతుంది. దాని కిరణాలు ఆ జాడను బయటపెడతాయి. 1913లో వియన్నాలో పానెత్‌తో కలిసి ఆయన ఈ పద్ధతిని నిరూపించాడు.

మాంచెస్టర్ రోజులనాటి ముచ్చట ఒకటి ప్రసిద్ధం. బస చేసిన ఇంటి యజమానురాలు మిగిలిన మాంసాన్నే మళ్ళీ వండి వడ్డిస్తున్నదని ఆయనకు అనుమానం కలిగింది. పళ్ళెంలోని ముక్కలపై రవంత రేడియోధార్మిక పదార్థం చల్లి, తరువాత వడ్డించిన వంటకాన్ని విద్యుద్దర్శినితో పరీక్షించగా గుట్టు రట్టయింది. నేడు ఎవరూ చేయరాని పని అది!

1923లో ఆయన సీసం జాడను చిక్కుడు జాతి మొక్కలలో వెదికాడు. ఆ ఏడే కోస్టర్‌తో కలిసి హాఫ్నియం మూలకాన్ని కనుగొన్నట్లు ప్రకటించాడు. 1935లో కోపెన్‌హాగెన్‌లో ఎలుకలకు రేడియోధార్మిక భాస్వరం ఇచ్చి, ఎముకలు సైతం నిరంతరం పునర్నిర్మాణం పొందుతాయని చూపాడు.

1940లో నాజీ సేనలు ఆ నగరంలో ప్రవేశించేనాటికి లావే, ఫ్రాంక్‌ల నోబెల్ స్వర్ణపతకాలు బోర్ పరిశోధనాలయంలో దాగి ఉన్నాయి. జర్మనీ నుండి బంగారం తరలించడం ఘోరనేరం. పతకాలు దొరికితే లావేకు ముప్పు తప్పదు. హెవెసీ వాటిని ద్రవరాజమనే ఆమ్లమిశ్రమంలో కరిగించాడు. అల్మారాలోని ఆ సీసాను సైనికులు గుర్తించలేదు. యుద్ధానంతరం అదే బంగారంతో పతకాలను మళ్ళీ పోతపోశారు. 1943లో హెవెసీ స్వీడన్‌కు తప్పించుకొని వెళ్ళాడు. ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని 1944లో ఆయనకు ప్రకటించారు.

1966 జూలై 5న ఫ్రైబర్గ్‌లో ఆయన కన్నుమూశాడు. అప్పటికే వైద్యులు ద్రావణంలో కలిపిన జీనాన్-133 వాయువును మూత్రపిండ ధమనిలోకి ఎక్కించి, వెలుపలి పరికరంతో కిరణాలను లెక్కించసాగారు. ఆ సంఖ్య త్వరగా తగ్గితే రక్తప్రవాహం చక్కగా ఉన్నట్లు. మందకొడిగా తగ్గితే నాళాలు ముడుచుకొన్నాయేమోనని శంకించవలసినట్లు.