బాపట్ల శారద ఉత్తరాలు

మన చీరాల పక్కనున్న బాపట్లలోనే 1896లో కనుపర్తి వరలక్ష్మమ్మ జన్మించారు. 1909లో, 12-13 ఏళ్ల ప్రాయంలోనే వివాహమైంది. కథలు, నవల రాసినా ఆమెకు పేరు తెచ్చినవి 'శారద లేఖలు'. 1928లో మద్రాసులో డాక్టర్ కేసరి ప్రారంభించిన 'గృహలక్ష్మి' పత్రికలో శారద అనే కల్పిత స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలవి. ఉపన్యాసమైతే పెద్దలు వద్దనేవారేమో గాని, స్నేహితురాలి ఉత్తరాన్ని ఎవరు కాదంటారు? ఆడపిల్ల వివాహానికి కనీసం 14 ఏళ్లుండాలన్న 1929 నాటి శారదా చట్టం సంగతి ఆ ఉత్తరాల ద్వారానే వంటింటి దాకా చేరింది. తనకు మాత్రం ఆ వయసు రాకముందే పెళ్లి జరిగిపోయింది మరి! 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు. 1934లో మొదటి గృహలక్ష్మి స్వర్ణకంకణం అందుకున్నారు. 1978లో మరణించారు.