బోదకాలు మందు – యల్లాప్రగడ సుబ్బారావు గారు

బోదకాలు ఈడ్చుకొని నడచువారి బాధ కోనసీమలో ఎరుగనివారెవరు? ఆ వ్యాధికి మందు కనుగొన్న బృందమునకు పెద్ద మన గోదావరి సీమవాడే.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను విరేచనవ్యాధితో కొలది దినముల తేడాలో మరణించిరి. 1923లో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రోగుల మలపాత్రలు ఎత్తుచు హార్వర్డులో చదివిరి. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరిరి.

1945లో ఆయన బృందము స్ప్రూకు పనిచేయు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. పిమ్మట దాని రూపమునే కొంచెము మార్చి, క్యాన్సరు కణమును మోసగించు మందును కల్పించిరి. చూపునకు అదే తాళపుచెవి. తాళములో దూరును గాని తిరుగదు. రక్తక్యాన్సరు గల బిడ్డలకు దానితో కొంతకాలము ఉపశమనము కలిగెను.

1947లో హెట్రజాన్ వచ్చెను. అదే డి.ఇ.సి. మాత్ర. 2000 తరువాత అనేక దేశములలో దానిని ఊరూర పంచిరి. వాచిన కాలును అది మునుపటివలె చేయలేదు. రక్తములోని పిల్లపురుగులను చంపి, దోమద్వారా వ్యాధి పొరుగువానికి పోకుండ ఆపును.

ఆయన 1948లో, 53వ యేట, స్వదేశము మరల చూడకయే మరణించిరి.

ఆరోగ్య సిబ్బంది ఆ మాత్ర ఇచ్చినప్పుడు, వైద్యులు వద్దన్నవారు తప్ప, కొంగున ముడివేయక మ్రింగుడి. అది మీ పొరుగువాని కాలును కాపాడును.