అన్నదాన వ్రతదీక్షిత డొక్కా సీతమ్మ

ధర్మశాస్త్రాలు గృహస్థునికి విధించిన పంచమహాయజ్ఞాలలో అతిథిపూజారూపమైన మనుష్యయజ్ఞం ఒకటి. అన్నాన్ని సమృద్ధిగా సంపాదించవలెననీ, ఆశ్రయం కోరి వచ్చినవారి నెవరినీ కాదనరాదనీ తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి వ్రతంగా విధించింది. పాఠశాల చదువు ఎరుగని ఒక గృహిణి ఈ వ్రతాన్ని తన వంటశాలలో యావజ్జీవం ఆచరించి చూపినది. ఆమెయే కోనసీమ ప్రజలు అపర అన్నపూర్ణగా కొలిచిన డొక్కా సీతమ్మగారు.

సీతమ్మగారు 1841లో గోదావరీ మండలంలోని మండపేటలో అనుపిండి భవానీశంకరం, నరసమ్మ దంపతులకు జన్మించినారు. అడిగినవారికి లేదనక అన్నం పెట్టుటచే తండ్రిని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారు. బాల్యంలోనే తల్లి గతించడంతో గృహభారం, అతిథిసేవ ఆమెపై పడినవి. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు వేదపండితులు, సంపన్న కర్షకులు. వారితో వివాహమైన పిమ్మట ఆమె పుట్టినింటి సంస్కారం మెట్టినింట విస్తరించినది.

గన్నవరం గోదావరీ శాఖయైన వైనతేయ తీరాన ఉన్న గ్రామం. రేవులు దాటి అలసి వచ్చే బాటసారులకు ఆ ఇల్లే ఆశ్రయం. అక్కడ వేళాపాళా లేదు; కులభేదం లేదు; అర్ధరాత్రి వచ్చినవారికి సైతం పొయ్యి వెలిగేది. ఈ వ్యయమంతా పొలం పంటపై నడిచినదే. భర్త సమ్మతి, సహకారం లేనిదే ఇది సాధ్యమయ్యేది కాదు. సహధర్మచారిణి అన్న పదానికి ఈ దాంపత్యం సార్థకమైన ఉదాహరణం.

ఆమె జీవితంలో మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టం అంతర్వేది యాత్ర. నృసింహస్వామి దర్శనార్థం పల్లకిలో బయలుదేరిన ఆమెకు మార్గమధ్యంలో ఒక పెండ్లిబృందం మాటలు వినవచ్చినవట. ఆకలితో అలమటిస్తున్న పిల్లలను, గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నం దొరకునని పెద్దలు ఓదార్చుచున్నారు. ఆమె వెంటనే పల్లకిని వెనుకకు మరలించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట సిద్ధం చేయించినారు. దైవదర్శనం, అతిథిసేవ ఏకకాలంలో ఎదురైనప్పుడు ఏది ముందో ఆమె చర్చింపలేదు, ఆచరణతోనే నిర్ణయించినారు. ఇది జనశ్రుతియే అయినా, ఆమెను ఎరిగిన సమాజం ఆమెలో ఏ గుణాన్ని ప్రధానంగా దర్శించినదో తెలుపుచున్నది.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవాలకు ఆహ్వానం రాగా ఆమె వెళ్ళుటకు అంగీకరింపలేదనీ, అధికారులు ఆమె ఛాయాచిత్రాన్ని తీయించి పంపినారనీ ప్రతీతి. ఈ రాజగౌరవ గాథయే ఎక్కువ ప్రచారం పొందినది. కాని ఆమె మహత్త్వానికి అది మూలం కాదు. వాపీకూపతటాకాలతోపాటు అన్నప్రదానాన్ని స్మృతులు పూర్తకర్మలలో చేర్చినవి. రాజులు, శ్రేష్ఠులు సత్రాలు కట్టించి, మాన్యాలిచ్చి, శాసనాలు వేయించినారు. సీతమ్మగారు శాసనం వేయించలేదు. తన వంటశాలనే సత్రంగా మార్చినారు. వారి దానధర్మానికి వారిని తలచుకొన్న నోళ్ళే సాక్ష్యం.

సీతమ్మగారు 1909లో పరమపదించినారు. గన్నవరం వద్ద వైనతేయపై నిర్మించిన నూతన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టినారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె నామధేయాన్ని ఉంచినది. చదువుకొనే బిడ్డల అన్నంతో ఆమె పేరు ముడిపడుట మిక్కిలి సముచితం. శాస్త్రం గ్రంథాలలోనే కాక గృహాలలోను జీవించునని, ఆచారపరంపర సైతం విద్యాపరంపరయే అని ఆమె చరిత్ర నిరూపించుచున్నది.