సీతమ్మ కథను రెండుసార్లు చెప్పిన కాకినాడ పుల్లయ్య

కాకినాడ: ఒకే కథను ఒకే దర్శకుడు రెండుసార్లు తెరకెక్కించడం సినీరంగంలో అరుదు. రెండుసార్లూ ఆ చిత్రం ఊళ్లకు ఊళ్లను సినిమాహాళ్ల వైపు నడిపించడం మరీ అరుదు. ఆ ఘనత కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్యది. 1934లో నలుపు తెలుపుల్లో వచ్చిన ‘లవకుశ’కు ఆయనే దర్శకుడు. 1963లో రంగుల్లో వచ్చిన ‘లవకుశ’కు కూడా ఆయనే శ్రీకారం చుట్టారు. అయితే రెండో చిత్రాన్ని ఆయన చేతులతో ముగించలేకపోయారు. మొదలుపెట్టిన తండ్రి పేరు, పూర్తి చేసిన కుమారుడి పేరు దర్శకులుగా పక్కపక్కనే పడటం వెనుక ఏళ్ల తరబడి సాగిన నిరీక్షణ ఉంది.

ముందుగా ఒక మాట. పాత తరం ప్రేక్షకులు సైతం సి.పుల్లయ్యను, పి.పుల్లయ్యను ఒకరనుకుని పొరబడుతుంటారు. నటి శాంతకుమారి భర్త అయిన పోలుదాసు కాదు, పోలెపెద్ది కాదు అంటూ ఇంటిపేర్ల దగ్గరే వాదం తేలని సందర్భాలూ ఉన్నాయి. శాంతకుమారి భర్త నెల్లూరు ప్రాంతానికి చెందిన పి.పుల్లయ్య. మనం చెప్పుకుంటున్నది గోదావరి తీరపు చిత్తజల్లు వారి గురించి.

యముడి వేషంతో ఆరంభం

1898లో కాకినాడలో జన్మించిన పుల్లయ్యను యవ్వనంలోనే సినిమా పిచ్చి పట్టుకుంది. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ మద్రాసులో మూకీలు తీస్తున్న రోజులవి. పుల్లయ్య అక్కడికి చేరి, ప్రకాష్ వద్ద శిష్యరికం చేశారు. కెమెరా పట్టడం మొదలు ఫిల్ము కడగడం వరకు అన్ని పనులూ ఒకే మనిషి నేర్చుకోవలసిన కాలమది. నేర్చిన విద్యతో స్వస్థలానికి తిరిగివచ్చి, 1920 దశకం మధ్యలో ఇంటి ఆవరణనే స్టూడియోగా మార్చి ‘భక్త మార్కండేయ’ అనే మూకీ తీశారు. అందులో యమధర్మరాజు వేషం స్వయంగా ధరించారు.

ఆ యముడు ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. 1933లో ఆయన తీసిన తొలి టాకీ ‘సతీ సావిత్రి’లో సావిత్రిగా రామతిలకం నటించగా, యముడిగా వేమూరి గగ్గయ్య గర్జించారు. 1960లో ఎన్.టి.రామారావు కథానాయకుడిగా తీసిన ‘దేవాంతకుడు’లో బతికున్న మనిషే యమలోకానికి వెళ్లి అక్కడి వ్యవహారాన్ని తలకిందులు చేస్తాడు. అందులో యముడు ఎస్.వి.రంగారావు. యమలోకంలో హాస్యం పండించే చిత్రాలు తర్వాత తెలుగులో ఒక వరుసగా వచ్చాయి. వాటికి ముందు నిలిచేది ఈ చిత్రమే.

మూకీలు తీసినా మిగలవు. దక్షిణాదిలో ఆ కాలంనాటి మూకీలు దాదాపు అన్నీ కాలగర్భంలో కలిసిపోయాయి. ‘మార్కండేయ’ కూడా పేరుగానే మిగిలింది.

కలకత్తా ప్రయాణం

సినిమాకు మాట వచ్చిన తొలి రోజుల్లో తెలుగునాట శబ్దగ్రహణ సౌకర్యమున్న స్టూడియో ఒక్కటీ లేదు. రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ నెలకొల్పింది 1936లో. తొలి రోజుల్లో తెలుగు టాకీ తీయాలంటే బొంబాయికో కలకత్తాకో రైలెక్కవలసిందే. ‘సతీ సావిత్రి’ కోసం పుల్లయ్య కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీని ఆశ్రయించారు. నటీనటులను, హార్మోనియం, తబలా వాయించే వారిని అందరినీ వెంటబెట్టుకుని వెళ్లడం, భాష తెలియని ఊళ్లో వారికి తిండీ బసా చూడటం కూడా దర్శకుడి బాధ్యతల్లోనే చేరిపోయేది.

మరుసటి ఏడాది అదే సంస్థకు ‘లవకుశ’ తీశారు. రాముడిగా పారుపల్లి సుబ్బారావు, సీతగా శ్రీరంజని నటించారు. అప్పటికి నేపథ్యగానం పద్ధతి రాలేదు. నటించేవారే పాడాలి. వాద్యకారులు కెమెరా చూపు పడని మూల కూర్చుని వాయించాలి. పాట మధ్యలో ఒక్కరు శ్రుతి తప్పినా, ఎవరైనా దగ్గినా మళ్లీ మొదటి నుంచి తీయాలి. లవకుశుల పాత్రధారులు పసివారు. వారితో రామాయణ గానం పాడించి, ఏకకాలంలో నటింపజేసి, ఫిల్ము వృథా కాకుండా చూసుకోవడం ఎంతటి శ్రమో ఊహించవచ్చు. ఆ శ్రమ ఫలించింది. పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చి ఆ చిత్రాన్ని చూశారని పాత తరం వారు చెప్పుకునేవారు. టాకీ అంటే పట్నవాసుల వినోదమనే భావాన్ని చెరిపివేసిన తొలి చిత్రాల్లో దానికి స్థానముంది.

పసిపిల్లలపై పుల్లయ్యకు గల నమ్మకం అంతటితో ఆగలేదు. 1936లో ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ కథలను జంటగా తీసి, ఒకే ప్రదర్శనలో చూపించారు. పాత్రధారులందరూ బాలబాలికలే కావడం విశేషం. త్రిమూర్తులు పసిపాపలయ్యే కథలో అనసూయ కూడా బాలికే! పశ్చిమగోదావరి జిల్లా పంగిడికి చెందిన కృష్ణవేణి ఆ అనసూయ వేషంతోనే తెరకు పరిచయమయ్యారు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ దీనితో పని ఉంది.

చేయిపట్టి నడిపిన వారు

కొత్తవారిని వెదికి తేవడంలో పుల్లయ్యది అందెవేసిన చేయి. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ నాటకాన్ని 1939లో తెరకెక్కించినప్పుడు కట్నానికి బలైపోయే కాళింది పాత్రకు ఒంగోలు ప్రాంతం నుంచి భానుమతి అనే బాలికను ఎంపిక చేశారు. ఆమె తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యకు సంగీతంపై ఎంత ప్రీతో, సినిమా లోకమంటే అంత జంకు. కథానాయకుడు తన కుమార్తెను తాకే సన్నివేశాలు ఉండరాదన్న నిబంధనపైనే ఆయన అంగీకరించారు. పుల్లయ్య ఆ మాట నిలబెట్టారు. చెల్లెలు కమల పాత్ర ధరించిన పుష్పవల్లిది తాడేపల్లిగూడెం సమీపంలోని పెంటపాడు. రాజమండ్రి స్టూడియోలో తయారైన ‘సంపూర్ణ రామాయణం’లో ఆమె అప్పటికే బాల సీతగా కనిపించారు.

కాకినాడ పరిసరాలకు చెందిన రేలంగి వెంకట్రామయ్య 1935 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’తో పుల్లయ్య వద్ద చేరారు. చేరిందే తడవుగా తార అయిపోలేదు. చిన్నాచితకా వేషాలు వేస్తూ, నటులను సమకూర్చడం, నిర్మాణ వ్యవహారాలు చూడటం వంటి తెర వెనుక పనులతో పదేళ్లకు పైగా గడిపారు. నలభయ్యో దశకం చివరలో గాని ఆయన హాస్యానికి గుర్తింపు రాలేదు. 1953లో ‘పక్కింటి అమ్మాయి’ తీసినప్పుడు గురువుగారు ఆ శిష్యుడినే కథానాయకుడిని చేశారు. బెంగాలీ మూలం గల ఆ చిత్రంలో గాయకుడు ఎ.ఎం.రాజా సైతం నటించారు. పక్కింటి అమ్మాయిగా అంజలీదేవి.

అంజలీదేవిది పెద్దాపురం. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో పేరు తెచ్చుకున్న ఆమెను 1947లో ‘గొల్లభామ’తో సినిమాకు తెచ్చి, అంజలీదేవి అన్న పేరు స్థిరపరచింది పుల్లయ్యే. పదేళ్ల అనంతరం ఆ పేరు మళ్లీ ఆయన ముందుకు సీత రూపంలో వచ్చింది.

ఆగిపోయిన రామాయణం

1956లో లలితా శివజ్యోతి సంస్థ అధినేత ఎ.శంకరరెడ్డి ‘చరణదాసి’ నిర్మించారు. అందులో ఒక స్వప్న దృశ్యంలో రామారావు, అంజలీదేవి కొద్దిసేపు సీతారాములుగా దర్శనమిచ్చారు. ఆ జంటను జనం ఆదరించిన తీరు చూసి, వారితో ‘లవకుశ’ను పూర్తి రంగుల్లో తీయాలని శంకరరెడ్డి సంకల్పించారు. దర్శకుడి కోసం ఎక్కువ ఆలోచించవలసిన అవసరం కలగలేదు. ఆ కథతో ఒకసారి జనాన్ని మెప్పించిన పుల్లయ్య ఉండనే ఉన్నారు.

1958లో పని ప్రారంభమైంది. రంగుల ఫిల్ము ఖరీదెక్కువ. వెలుతురు ఎక్కువ కావాలి, దుస్తుల రంగులు, తెరల రంగులు కొత్తగా ఆలోచించుకోవాలి. తెలుగులో అప్పటికి పూర్తిగా రంగుల్లో తీసిన చిత్రమే లేదు. పైగా తమిళంలోనూ సమాంతరంగా చిత్రీకరణ. కొంతభాగం పూర్తయ్యేసరికి నిర్మాత వద్ద సొమ్ము నిండుకుంది. సెట్లు మూగబోయాయి. నెలలు కాదు, సంవత్సరాలే గడిచాయి.

ఇటువంటి విరామం ఏ చిత్రానికైనా కష్టమే గాని, ఈ చిత్రానికి మరో చిక్కుంది. కాలం పెద్దల ముఖాల్లో దాగుతుంది, మేకప్‌తో దాచవచ్చు. పిల్లల్లో దాగదు. లవకుశులుగా వేసిన మాస్టర్ నాగరాజు, మాస్టర్ సుబ్రహ్మణ్యం అడవిలో విల్లు పట్టిన పసివారు. వారు ఎదిగిపోతే అంతకు ముందు తీసిన ఫిల్ము ఏమి కావాలి? సొమ్ము సమకూరి పని తిరిగి మొదలయ్యేసరికి అంతకంటె పెద్ద అవాంతరం వచ్చిపడింది. పుల్లయ్య ఆరోగ్యం దెబ్బతింది. ముప్పయ్యో దశకంలో బృందాన్ని వెంటేసుకుని కలకత్తా రైలెక్కిన మనిషికి సెట్టుపై నిలబడే శక్తి లేకపోయింది.

మిగిలిన భాగానికి ఆయన సూచించిన పేరు కుమారుడు సి.ఎస్.రావుది. అప్పటికే స్వతంత్ర దర్శకుడిగా పేరున్న కుమారుడికి ఇది సులువైన బాధ్యత కాదు. కొత్త చిత్రమైతే తన తీరులో తీసుకోవచ్చు. ఇక్కడ తండ్రి ఆరంభించిన పద్ధతికి అతుకు కనబడకుండా తన పని కలపాలి. పిల్లల ఎత్తు, గొంతు, నడక కలవాలి. ఒక్క విషయంలో మాత్రం 1934 నాటి కష్టం లేదు. పిల్లలు పాడనక్కరలేదు. ఘంటసాల సంగీతంలో పి.లీల, పి.సుశీల వారికి గొంతునిచ్చారు. పెదవులు కలిపితే చాలు. తొలి లవకుశులు ఆ సదుపాయం ఎరుగరు.

చూస్తున్న ప్రేక్షకుడికి ఎక్కడ తండ్రి చేయి ఆగిందో, ఎక్కడ కుమారుడి చేయి మొదలైందో పట్టుబడదు. ఈ విషయంలో సి.ఎస్.రావుకు దక్కవలసిన కీర్తి దక్కలేదనే చెప్పాలి.

1963 మార్చి 29న చిత్రం విడుదలైంది. నిడివి సుమారు మూడున్నర గంటలు, ముప్పైకి మించిన పాటలు, పద్యాలు. వాల్మీకిగా చిత్తూరు నాగయ్య, లక్ష్మణుడిగా కాంతారావు. థియేటర్ల వద్ద మళ్లీ బండ్లు ఆగాయి. అనేక కేంద్రాల్లో నెలల తరబడి ఆడింది. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. 1936లో పుల్లయ్య అనసూయ వేషం వేయించిన కృష్ణవేణి, పెద్దయ్యాక 1949లో ‘మనదేశం’ నిర్మించారు. ఆ చిత్రంతో తెరకు వచ్చిన యువకుడే రామారావు. గురువు పరిచయం చేసిన బాలిక తెరకు తెచ్చిన నటుడు, గురువు పేరు పెట్టిన నటి ఆ రంగుల కథలో సీతారాములయ్యారు.

పుల్లయ్య ఇక పని చేయరనుకున్న వారి అంచనా తప్పింది. కొంత కోలుకుని మళ్లీ కెమెరా ముందు కుర్చీ వేయించుకున్నారు. 1966లో ‘పరమానందయ్య శిష్యుల కథ’, 1967లో ‘భువనసుందరి కథ’ ఆయన దర్శకత్వంలో వచ్చాయి. రెండింటిలోనూ కథానాయకుడు రామారావే. ‘భువనసుందరి కథ’ వచ్చిన ఏడాదే, 1967 అక్టోబరు 6న పుల్లయ్య కన్నుమూశారు.