రాగిరేకులకు గానమిచ్చిన రాళ్లపల్లివారు

కలియుగమున భగవత్ప్రాప్తికి నామసంకీర్తనము సులభోపాయమని పెద్దలు నిర్ణయించిరి. ఆ మార్గమున శ్రీవేంకటేశ్వరుని సేవించి తరించిన తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408-1503) ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించిరని ప్రసిద్ధి. అవి రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమందలి సంకీర్తన భండారమున నిక్షిప్తములైనవి. కాలక్రమమున వానిని పాడువారు కరవైరి. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన ఆ రేకులు పండితలోకపు దృష్టికి వచ్చినవి. సాహిత్యము లభించినది, గానము లభింపలేదు. ఆ లోపమును తీర్చుటకు పూనుకొన్నవారిలో అగ్రగణ్యులు శ్రీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు.

శర్మగారు 1893 జనవరి 23వ తేదీన అనంతపురము జిల్లా రాళ్లపల్లి గ్రామమున వైష్ణవ కుటుంబమున జన్మించిరి. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి అలమేలుమంగమ్మ. అన్నమాచార్యులు తమ శృంగార సంకీర్తనలలో ఏ తల్లిని వేయివిధముల కీర్తించిరో, ఆ తల్లి పేరే కన్నతల్లి పేరగుట దైవసంకల్పమేమో!

బాల్యముననే వారు విద్యార్థియై మైసూరు చేరిరి. అచట పరకాల మఠాధిపతులు శ్రీకృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వామివారి సన్నిధిని సంస్కృతము నభ్యసించిరి. కరిగిరిరావుగారు, బిడారం కృష్ణప్పగారు మొదలగు విద్వాంసులవలన సంగీతము గ్రహించిరి. ఒక చేత శాస్త్రము, మరియొక చేత గానము పట్టుకొని పెరిగిన విద్య అది. కట్టమంచి రామలింగారెడ్డిగారి ప్రోత్సాహమున 1912లో మైసూరు మహారాజా కళాశాలయందు తెలుగు పండితులైరి. 1949 వరకు, అనగా దాదాపు ముప్పదియేడు సంవత్సరములు, కన్నడ దేశమున తెలుగు బోధించిరి. వేమనపై వారు చేసిన ఉపన్యాసములు, ప్రాకృతమునుండి తెనిగించిన గాథాసప్తశతీ సారము తెలుగు సాహిత్యమున స్థిరస్థానము పొందినవి.

ఉద్యోగవిరమణానంతరము విశ్రాంతి గోరదగిన వయస్సున వారికి అసలైన కార్యము సిద్ధమైనది. అప్పటికి తిరుపతిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అన్నమయ్య వాఙ్మయ పరిష్కరణమున మునిగియుండిరి. శర్మగారు తిరుపతి చేరిన కొలదికాలమునకే, 1950లో, ప్రభాకరశాస్త్రిగారు పరమపదించిరి. ఆ భారము శర్మగారి భుజములపై పడినది. రేకులలోని పాఠములను పరిశీలించి, శుద్ధప్రతులు సిద్ధముచేసి, సంకీర్తన సంపుటములను వెలువరించిరి.

అయినను పుస్తకమున నున్న కీర్తన సగము కీర్తన మాత్రమే. రేకులపై ప్రతి పాటకును రాగము పేరు కలదు. స్వరము లేదు, తాళము లేదు. ముఖారి, శ్రీరాగము వంటివి నేటికిని గాయకులకు పరిచితములే. కొండమలహరి, దేసాళము వంటివాని స్వరూపము వాడుకలో నిలువలేదు. రాగము పేరు ఒకటే అయినను, ఐదువందల యేండ్లనాటి దాని నడక నేటి నడక యగునని చెప్పుటకు వీలులేదు. ఇక నేమి చేయవలెను? భక్తుని పదమునకు మరియొకరు వరుస కట్టుట సాహసము. కట్టకుండుట, ఆ పదమును మరల చీకటిగదిలో నుంచుటయే.

శర్మగారు ఈ రెండింటి నడుమ వినయముతో నడచిరి. పరిష్కర్తయే స్వరకర్త యగుట ఇచట గొప్ప మేలైనది. పదము నెచట విరువవలెనో, ఏ మాటపై భావము నిలుచునో తెలిసినవాడు గనుక వారి వరుస సాహిత్యమును మింగివేయదు. రాగము మాటకు ఆసనమగును గాని మాటపై స్వారి చేయదు. అలమేలుమంగ నాట్యమును వర్ణించు ‘అలరులు గురియగ’ అను సంకీర్తనకు శంకరాభరణమున వారు కూర్చిన వరుస దీనికి చక్కని నిదర్శనము. అది గాయకుల కచేరీలలోను, నర్తకుల రంగస్థలముపైనను నేటికిని వెలుగుచున్నది. ఇట్లు నూరింటికి పైగా సంకీర్తనలకు వరుసలు కూర్చిరి. స్వరలిపి వ్రాసి ప్రకటించుటవలన, గురుముఖమున విననివారికిని ఆ పాటలు అందుబాటులోనికి వచ్చినవి.

శర్మగారు త్రొక్కిన ఈ త్రోవనే తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మున్నగువారు విస్తరింపజేసిరి. తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పిరి. ఒకనాడు ఎవ్వరును పాడని పాటలు ఇంటింట వినబడసాగినవి.

మద్రాసు సంగీత విద్వత్సభవారు 1974లో శర్మగారికి సంగీతకళానిధి బిరుదము నొసగిరి. దేవస్థానమువారు వారిని ఆస్థాన విద్వాంసులుగా గౌరవించిన దినము 1979 మార్చి 11. ఆ దినముననే శర్మగారు, ఎనుబదియారవయేట, స్వామి పాదములను చేరిరి. స్వామి కొలువున స్థానము లభించిన నాడే స్వామి పిలుపును వచ్చినది.

నేడు ఏడుకొండలెక్కు యాత్రికుడు దారిపొడవున అన్నమయ్య పాట వినుచునే యుండును. పాట వ్రాసినవాని పేరు చివరి చరణమున వేంకటేశముద్రతో కలిసి మనసున మెదలును. వరుస కట్టినవాని పేరు పాటలో లేదు. ఉండవలెనని శర్మగారు కోరనులేదు. మరుగుననుండి సేవించుట కూడ కైంకర్యమే; అట్టి కైంకర్యమును స్మరించుట మనకు ధర్మము.