డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. చదువు వారికి సుఖముగా లభించినది కాదు. మెట్రిక్యులేషను మూడవ పర్యాయమునగాని చేకూరలేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.యస్. కు మాఱుగా ఎల్.ఎం.యస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను.

అంతకంటె పెద్దదెబ్బ యింటనే తగిలినది. సోదరులిరువురు స్వల్పదినముల యెడముతో సంగ్రహణి వ్యాధివలన గతించిరి. అదే వ్యాధి యాయనను గూడ పట్టగా, ఆచంట లక్ష్మీపతిగారి యాయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడిరి. స్ప్రూ యని యింగ్లీషున బరగు నీ సంగ్రహణిలో తిన్న యన్నము ఒంటబట్టదు. కడుపు చెడుటతో నాగక నెత్తురుగూడ క్షీణించును.

పాండురోగమని పూర్వులు చెప్పిన యీ రక్తహీనతకు పేరొకటియే గాని కారణములు పెక్కు. ఎఱ్ఱకణములు హిమోగ్లోబిన్ అను పదార్థముచే ప్రాణవాయువును మోయును. అది తగ్గినచో క్రింది కనుఱెప్పలోపల, నాలుక, గోళ్లు తెల్లబాఱును. నాలుగడుగులు వేసిన ఆయాసము, గుండెదడ కలుగును. అయినను కంటిచూపుతోనే నిశ్చయింపరాదు. నూఱు మిల్లీలీటర్ల రక్తమున హిమోగ్లోబిన్ పురుషునకు 13 గ్రాములకు, గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గుట రక్తహీనత యని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి నిర్ణయము. మొత్తము తేలినంతమాత్రమున లెక్క ముగియదు. ఏ పద్దున కొఱతపడెనో వెదుకవలయును. గాజుపలకపై నెత్తురు పూసి సూక్ష్మదర్శినిలో జూచినచో, ఇనుము చాలనివారి కణములు చిన్నవై వెలవెలబోయి యుండును. కొంకిపురుగులు రక్తము పీల్చుటయు దీనికొక కారణము గనుక మలపరీక్షయు నవసరమగును. సంగ్రహణి రోగుల కణములు తఱచుగా మితిమీఱి పెద్దవై యుండును. వీరికి ఇనుమొక్కటియే యిచ్చిన ఫలము లేదు.

ఇట్టి పెద్దకణముల రక్తహీనతనే లూసీ విల్స్ అను నాంగ్లేయ వైద్యురాలు బొంబాయి గర్భిణులలో గనుగొని, మధుశిలీంధ్రపు సారముతో నయమగునని 1931లో ప్రకటించెను. ఆ సారములోని మూలద్రవ్యమేదో యప్పటికి తెలియదు.

సుబ్బారావుగారు అంతకుముందే మామగారి ద్రవ్యసాహాయ్యమున, భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి అమెరికాకేగిరి. బోస్టనులో ఆసుపత్రి యూడిగము చేసికొనుచు హార్వర్డులో పరిశోధించి, 1925లో ఫిస్క్ అను నాచార్యునితో గలసి భాస్వరమును గొలుచు విధానమును వెలువరించిరి. వారికి ఖ్యాతి తెచ్చినది యిదియే గాని, మనస్సు మాత్రము సంగ్రహణినుండి మఱలలేదు. 1940లో లెడర్లీ సంస్థయందు జేరి పరిశోధకబృందమును నడపిరి. ఆ బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. విల్స్ వెదకిన ద్రవ్యమదియే. ఆ సంవత్సరముననే రోగులకిచ్చి చూడగా, పెద్దకణముల రక్తహీనత మఱలినది. సంగ్రహణి రోగులును కోలుకొనిరి.

ఒక్క చిక్కు మిగిలినది. బి12 విటమిను కొఱతవలనను కణములు పెద్దవగును. అట్టివారికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే యిచ్చినచో నెత్తురు బాగుపడినట్లు తోచును గాని నరములు లోలోపల చెడుచునేయుండును. కనుక రెండింటిలో ఏది కొఱతయో పరీక్షించియే మందీయవలయును. బి12 శుద్ధరూపమున వేఱుపఱుపబడినది 1948లో. ఆ సంవత్సరమే ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రలోనే సుబ్బారావుగారు న్యూయార్కున గతించిరి. శేషగిరిగారు వారిని మఱల చూడనేలేదు.