నల్లమల తొవ్వల్లో ఒక వియన్నా మనిషి

పొద్దున్నే పరుగుకో, ఆదివారం నడకకో మా పాత పాలమూరు పిల్లలకి చోట్లు తక్కువేం లేవు. గద్వాల వాళ్లని అడిగితే జూరాల వైపు పోదాం అంటారు. వనపర్తి వాళ్లు ఖిల్లా ఘనపురం గుట్ట ఎక్కిస్తారు. ఇక నాగర్‌కర్నూల్ వాళ్లం కొంచెం గర్వంగానే నల్లమల పేరు చెప్తాం. ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం మెట్లు, ఫరహాబాద్ వ్యూపాయింట్, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం. మంచు మీద స్కీయింగ్ ఒక్కటే మాకు లేదు, దానికి ఎవరూ ఏం చేయలేరు.

విచిత్రం ఏంటంటే, మా అడవిలో బతికే వాళ్ల గురించి అంత ఓపికగా తిరిగి రాసిపెట్టినాయన ఆ మంచు కొండల దేశం నుంచే వచ్చాడు. పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. మన క్లబ్‌లోని ఆదిలాబాద్ మిత్రులకి ఈ పేరు కొత్త కాదు, వాళ్లకి ఆయన దాదాపు ఇంటి మనిషి. కానీ హైదరాబాద్ రాజ్యంలో ఆయన పని మొదలైంది మా అమ్రాబాద్ గుట్టల్లో అని మా జిల్లాలోనే చాలామందికి తెలియదు. అందుకే ఈ వ్యాసం.

1909లో వియన్నాలో పుట్టాడు. అక్కడే మానవశాస్త్రం చదివాడు. తర్వాత లండన్‌లో మలినోవ్‌స్కీ దగ్గర కూర్చుని, మనుషుల గురించి రాయాలంటే వాళ్ల మధ్యన ఉండాలి అనే పద్ధతి ఒంటబట్టించుకున్నాడు. 1936లో నాగా కొండలకి వచ్చి ఆ పద్ధతిలోనే పనిచేశాడు, పుస్తకం వేశాడు, పేరు వచ్చింది. 1938లో బెట్టీ బర్నార్డోని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఇంగ్లండ్ ఆవిడ. ఆ తర్వాత ఆయన తిరిగిన చోట్లలో చాలావాటికి ఆమె కూడా వెంట నడిచింది. మనం రాసే వ్యాసాల్లో ఆమె ఒక్క వాక్యంలో అయిపోతుంది. అది న్యాయం కాదు.

1939లో ఇద్దరూ మళ్లీ ఇండియాకి వచ్చారు. అదే సమయంలో యుద్ధం మొదలైంది. అంతకు ముందు ఏడాదే హిట్లర్ ఆస్ట్రియాని జర్మనీలో కలిపేసుకున్నాడు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశపు మనిషి. నాగా కొండల దారి మూసుకుపోయింది. నిజాం రాజ్యం ఎల్ల దాటకూడదు అన్నారు.

ఇంకొకరైతే హైదరాబాద్‌లో ఏ బంగళాలోనో కూర్చుని యుద్ధం అయ్యేదాకా పేపర్ చదువుకునేవాళ్లు. ఈయన ఆ ఎల్ల లోపల ఏముందా అని చూశాడు. కృష్ణ ఒడ్డున నల్లమల ఉంది, అందులో చెంచులున్నారు. నిజాం సర్కారు అధికారులు సాయం చేశారు. 1940లో భార్యాభర్తలు అమ్రాబాద్ పీఠభూమి ఎక్కారు. ఊరు దాటకు అన్న మనిషి, ఒక్క ఊర్లో స్థిరంగా ఉండని మనుషుల వెంట నడవడం మొదలుపెట్టాడు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

మనం ట్రెక్ అని పోయే తొవ్వ చెంచులకి వంటింటి దారి లాంటిది. ఒక తొవ్వ గడ్డలు దొరికే చోటికి, ఇంకోటి నీళ్లకి, ఇప్పపూల కాలంలో వేరే దిక్కుకి. గడ్డలు తవ్వడానికి చేతిలో కొసకి ఇనుము బిగించిన కర్ర, మగవాళ్ల భుజాన విల్లు, వెనకాల కుక్క. కాలాన్ని బట్టి పెంట వదిలి ఇంకో చోట గుడిసెలు వేసుకునేవాళ్లు. తేనె కోసమైతే కొండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగాలి. పైన తాడు పట్టుకునేవాడు బావమరిది అయి ఉండాలంటారు. అక్క తాళి తెంపుకోడు కదా! మన ల్యాబుల్లో చెప్పే సేఫ్టీ రూల్స్ కంటే ఇది గట్టి ఏర్పాటు అని నాకనిపిస్తుంది.

హైమన్‌డార్ఫ్ గమనించిన అసలు విషయం ఇంకోటి. బయటివాళ్లకి అదంతా ఎవరిదీ కాని అడవి. చెంచుల లెక్కలో మాత్రం ఒక్కో గుంపుకి ఒక్కో భాగం. ఫలానా వాగు దాకా మీది, ఆ గుట్ట దాటితే వాళ్లది. కాగితం లేదు, సర్వే రాయి లేదు, అయినా అందరికీ తెలుసు. ఇది రాసింది 1943లో వచ్చిన చెంచుల పుస్తకంలో. హైదరాబాద్ రాజ్యపు ఆదివాసుల మీద ఆయన వరుసగా తెచ్చిన సంపుటాల్లో అదే మొదటిది. తర్వాత కొండరెడ్లు, ఆ తర్వాత గోండులు.

పుస్తకంతో ఆగిపోలేదు. ఈ అడవిని చెంచుల బతుకు కోసం విడిచిపెట్టండి అని సర్కారుకి చెప్పాడు, ఆ సలహా మీదే పీఠభూమి పైభాగంలో చెంచు రిజర్వ్ ఏర్పడింది. ఆయన్ని గుడ్డిగా పొగడాల్సిన పనిలేదు. ఆయన నిజాం సర్కారు మనిషిగానే పనిచేశాడు, పై నుంచి ఇచ్చిన హక్కు పై నుంచే పోవచ్చు అన్న సంగతి ఆయనకీ తెలిసే ఉంటుంది. ఆ అడవి 1978లో అభయారణ్యం అయింది, 1983లో టైగర్ ప్రాజెక్టులోకి పోయింది. ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రిజర్వ్ అన్న మాట అదే, ముందున్న పేరు మారింది. కోర్ ఏరియాలో ఉన్న వాళ్లని బయటికి తరలించే మాట ఇప్పుడూ నడుస్తోంది. పులి ఉండాలి, నేను కాదనను. కానీ సలేశ్వరంలో లింగమయ్యకి పూజ చేసేది చెంచులే, జాతరకి లక్షలమందిమి పోయి ప్లాస్టిక్ పడేసి వచ్చేది మనం. వీళ్లలో ముందు ఎవరిని బయటికి పంపాలో మీరే చెప్పండి.

ఆయన మిగతా కథ తొందరగా చెప్తాను. కొమురం భీం పోరాటం తర్వాత గోండుల దగ్గరికి పోయాడు, మార్లవాయి ఆయనకి సొంత ఊరు అయింది, అక్కడ గోండు టీచర్లకి శిక్షణ కేంద్రం వచ్చింది. అందుకే ఆదిలాబాద్ ఆయన్ని మర్చిపోలేదు. 1949లో లండన్ వెళ్లి అక్కడి స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో పాఠాలు చెప్పాడు. 1953 నుంచి నేపాల్‌లో తిరిగాడు, షెర్పాల మీద పుస్తకం రాశాడు. మళ్లీ మంచు కొండలు, మళ్లీ నడక. 1970లలో ముసలితనంలో తిరిగి వచ్చి, తను చూసిన ఆదివాసుల భూములు ఎట్లా చేతులు మారాయో ఇంకో పుస్తకంలో రాశాడు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో పోయింది. మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే పెట్టారు.

ఆయన తీసిన వేల ఫొటోలు లండన్‌లో ఆయన పాఠాలు చెప్పిన సంస్థ దగ్గరే ఉన్నాయి. చాలావరకు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. వాటిలో మా చెంచు పెంటల తాతలూ అవ్వలూ ఉన్నారు. వచ్చే చైత్రానికి సలేశ్వరం పోయేటప్పుడు కొన్ని ఫోన్‌లోకి దించుకుని పోదామని మా బ్యాచ్ అనుకుంటోంది. ఎవరైనా వాళ్ల తాతని గుర్తుపడితే ఆ ఫొటో ప్రింట్ తీసి ఇచ్చి రావాలి. అడవి లోపల సిగ్నల్ మీద నమ్మకం లేదు కాబట్టి అచ్చంపేటలోనే డౌన్‌లోడ్ అయిపోవాలి.